ట్రేలో మిగిలిన ఆకుపచ్చ

ఇశ్రాయేలును అరెస్టు చేసినట్టు జగ్గయ్యపేట స్టేషను రికార్డులో రాసుకున్న సమయం గురువారం సాయంత్రం నాలుగూ పది. ఇరవైనాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి గనుక వసుమతికి ఉన్న గడువు శుక్రవారం సాయంత్రం నాలుగూ పది. ఆ నిమిషం దాటితే ఆయన రిమాండు ఖైదీ. నకిలీ పురుగుమందు లేబుళ్ళు అచ్చువేసి ఒక రైతు చావుకు కారణమైనవాడుగా కాగితాల మీద స్థిరపడిపోతాడు.

సి.ఐ. కల్యాణ్ ఇశ్రాయేలుతో మాట్లాడడానికి ఆమెకు పదిహేను నిమిషాలు ఇచ్చాడు. అప్పుడు శుక్రవారం పొద్దున పదీ నలభై అయింది.

వసుమతికి అరవైయొక్క ఏళ్ళు. ప్రభుత్వ ఫోరెన్సిక్ ప్రయోగశాలలో, పత్రాల విభాగంలో ముప్పైమూడేళ్ళు పనిచేసి, పదవీ విరమణ తరువాత సొంతంగా కేసులు చూస్తోంది. మనుషుల మాటల కన్నా అచ్చుకాగితాన్నే నమ్మడం ఆమెకు అలవాటు. ఈ కేసులో ఆ అలవాటే ఆమెను ఇరికించింది.

ఇశ్రాయేలు భార్య రత్నమణి నిన్న సాయంత్రం వచ్చి, తన భర్త ఏ పాపమూ ఎరగడని ఏడ్చినప్పుడు, వసుమతి మనసులో ఒకే ఆశ పెట్టుకుంది. ఆ లేబుల్ డిజిటల్ యంత్రం మీద వేసినదై ఉండాలి. ఇశ్రాయేలు ఇరవైయారేళ్ళుగా లేబుళ్ళ ప్రెస్సులో ఫ్లెక్సో యంత్రం తప్ప మరొకటి ముట్టినవాడు కాడు. ఫ్లెక్సోలో రబ్బరులాంటి ప్లేటు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు, ఒక్కో సిరా ట్రే. ప్లేటు కాగితాన్ని నొక్కినప్పుడు సిరా అంచులకు జరిగి, అక్షరం చుట్టూ సన్నని ముదురు గీత కడుతుంది. డిజిటల్‌కు ప్లేటే లేదు. కంప్యూటరులోని బొమ్మ తిన్నగా కాగితం మీదికి దిగుతుంది, భూతద్దంలో చుక్కలు కనిపిస్తాయి తప్ప గీత కనిపించదు. నిన్న రాత్రి ఆమె అద్దం కింద పెట్టి చూసిన లేబుల్లో ప్రతి అక్షరానికీ గీత ఉంది. చూసింది చూసినట్టు సి.ఐ.కి చెప్పింది కూడా. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, నిజం చెబితే అది తనను నమ్ముకున్నవాడి మెడకే చుట్టుకుంది.

అయితే ఆమె చూసిన రెండో సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

పురుగుమందు సీసా మీద, మూల మీద నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది. దాని కింది సగం ముక్కోణం. ఆ ముక్కోణం రంగే మందు ఎంత విషమో చెబుతుంది. అన్నిటికన్నా ఘోరమైనది ఎరుపు, దాని తరువాత పసుపు, ఆ తరువాత నీలం, అన్నిటికన్నా తక్కువది ఆకుపచ్చ. శలభారి అనే ఈ మందుకు ఉండవలసింది పసుపు. వత్సవాయి దుకాణంలో పట్టుకున్న నాలుగు వందల సీసాల మీదా ఉన్నది లేత చిలకపచ్చ. పంచనామా రాసినవాళ్ళు దాన్ని గమనించను కూడా లేదు. వత్సవాయి కౌలురైతు బసవయ్య మాత్రం గమనించాడు. ఆయనకు చదువు రాదు, ముక్కోణం రంగు ఒక్కటే తెలుసు. ఆకుపచ్చ చూసి, ఎప్పుడూ ముక్కుకు కట్టుకునే తువ్వాలు గట్టు మీద పెట్టేసి, పత్తి చేలో నాలుగు ట్యాంకులు కొట్టాడని ఆయన భార్య చెప్పింది. అది మంగళవారం పొద్దున. మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. సాయంత్రం ఆరింటికి మనిషి లేడు.

ఇశ్రాయేలు బల్లకు అవతల కూర్చున్నాడు. చిల్లకల్లు చర్చిలో సంఘ పెద్ద, యాభైనాలుగేళ్ళ మనిషి. గోళ్ళ అంచుల్లో ఎన్నటికీ పోని సిరా.

“నేనే వేసానండి అమ్మగారూ. రాసుకోండి” అన్నాడు ముందుగానే.

“రాసుకోవడానికి వేరే వాళ్ళున్నారు. నేను వినడానికి వచ్చాను. ఏ రోజు వేసారు?”

“పదో తారీకండి. ఆదివారం.”

“ఆదివారం మీరు యంత్రం ముట్టుకోరని మీ ఆవిడ చెప్పింది.”

“ఆరాధన అయ్యాక వెళ్ళా. అర్జెంటంటే వెళ్ళా.”

ఎవరు రమ్మన్నారని అడిగితే జవాబు లేదు. ప్లేట్లు ఎవరు తెచ్చారంటే లేదు. ఎంతకు ఒప్పుకున్నారంటే అంతకంటే లేదు. వసుమతి ఆ దారి వదిలేసి పని గురించి అడిగింది. ఏ రంగు ముందు వేసారు, ఏది తరువాత అని. అప్పుడు ఆయన గొంతు మారింది. బల్ల మీద చేతులు కదిలాయి.

“లేత రంగు ముందండి ఎప్పుడైనా. పసుపు ఒకటో ట్రే. తర్వాత ఎరుపు, నీలం, ఆఖర్న నలుపు.”

“అంతకుముందు ఒకటో ట్రేలో ఏముంది?”

“గోంగూర పచ్చడి లేబుల్ నడుస్తుందండి ఆ వారం. ఆకు బొమ్మకి ఆకుపచ్చ పోసి ఉంది. సోమవారం మళ్ళీ అదేగా అని శనివారం కడగలా. పైన కవర్ కప్పి వచ్చా.”

“మరి ఆదివారం?”

“కడక్కుండా ఎట్టా వేస్తామండీ? ట్రే, రోలరు, బ్లేడు, అన్నీ విప్పి కడగాలి. నలభై నిమిషాల పని. ఒక్క చుక్క ఉన్నా పసుపు చెడుద్ది.”

“అయితే ముక్కోణం పసుపు శుభ్రంగా వచ్చింది.”

“శుభ్రంగా వచ్చిందండి.”

వసుమతి సంచిలోంచి లేబుల్ తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. వంగి చూసాడు. తరువాత బొటనవేలితో ఆ చిలకపచ్చ ముక్కోణాన్ని ఒకసారి రుద్దాడు, అది లేచిపోతుందేమో అన్నట్టు.

“కడగలా” అన్నాడు గొణుగుతున్నట్టు. తనను గురించి చెప్పుకునే మనిషి గొంతు కాదది. పక్కనున్నవాళ్ళు చేసిన పొరపాటును చూసినవాడి గొంతు.

“దీన్ని చూసే బసవయ్య ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు” అంది వసుమతి.

ఆయన లేబుల్‌ను బోర్లించి ఆమె వైపు నెట్టాడు. పదీ యాభైనాలుగుకు కానిస్టేబులు తలుపు తీసాడు. ఇశ్రాయేలు గోడవైపు తిరిగి, “నేనే వేసానండి” అన్నాడు మళ్ళీ. ఆ ఒప్పుకోలు అబద్ధమని వసుమతికి రుజువైంది. ఎవరి కోసం అబద్ధమో మాత్రం తెలియలేదు.

సి.ఐ. గదిలో ఉదయభాస్కర్ అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చుని ఉన్నాడు. శలభారి తయారుచేసే కంపెనీకి విజిలెన్స్ ఆఫీసరు. నలభై దాటని మనిషి, మెడలో గుర్తింపు కార్డు, నవ్వు ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటుంది.

“మీ అద్దం కూడా ఫ్లెక్సో అనే అందటగా మేడమ్.”

“అంది.”

“మనిషేమో నేనే అంటున్నాడు. ఇంకా మీకు ఇక్కడ పనేంటండీ?”

“ఎన్ని లేబుళ్ళు వేసారో తెలుసుకోవాలి.”

“నాలుగొందలు. వత్సవాయిలో దొరికినయ్యి దొరికినట్టు సీజ్ చేయించా.”

దొరికినవి వేరు, వేసినవి వేరు అంది వసుమతి. ఉదయభాస్కర్‌ను వదిలి సి.ఐ. వైపు తిరిగింది. నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు చేయించాలి. అవి తయారై రావడానికి మూడు రోజులు. వాటిని యంత్రానికి బిగించి, నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేసరికి రెండు వందల మీటర్ల కాగితం వృథా పోతుంది. మీటరుకు ఇరవై లేబుళ్ళ లెక్కన ఆ వృథాలోనే నాలుగు వేలు. నాలుగు వందలు చాలనుకున్నవాడు డిజిటల్‌కు వెళ్ళి గంటలో పట్టుకుపోతాడు. నాలుగు వందల కోసం నాలుగు వేలు పారబోసేవాడు లోకంలో లేడు. ఫ్లెక్సోను ఎంచుకున్నాడంటే వాడికి కావలసినవి పది వేలకు పైమాటే.

“కల్యాణ్ గారూ, మిగిలినవి ఇప్పుడు ఎవరి చేలగట్ల మీద ఉన్నాయో మనకు తెలియదు. ముక్కోణం రంగు కూడా ఒకసారి చూడండి. పసుపు ఉండవలసిన చోట ఆకుపచ్చ ఉంది.”

కల్యాణ్ సీసా అందుకుని తిప్పి చూసాడు. అతని ముఖం కాస్త మారింది. ఉదయభాస్కర్ ముఖం మారలేదు.

“నకిలీ అంటే అట్టాగే ఉంటది మరి” అన్నాడతను. “ఇది సీజనండి. వేలూ లక్షలూ అని మీరొక మాట అంటే రేపు పేపర్లో వస్తది. రైతు అసలు మందు కూడా కొనడు. పురుగు పత్తంతా తినేసాక మీరు అద్దం పెట్టి చూద్దురుగాని.”

“మంగళవారం సాయంత్రం మనిషి పోయాడు. బుధవారానికల్లా మీరు ఈ ప్రెస్సు పేరు పోలీసులకు ఇచ్చారు. ఎలా కనిపెట్టారు?”

“అనుభవం. ల్యాబులో మీకు టీ తాగే టైముంటది, మాకుండదు.”

“సీసాలో ఉన్న మందును పరీక్షకు పంపారా?”

“లేబులే దొంగదైతే మందు పరీక్షెందుకండీ?”

వసుమతి కల్యాణ్‌ను చూసింది. పంపలేదని అతను తల అడ్డంగా ఊపాడు. సీసా బల్ల మీద పెట్టి, మూడున్నరకు కాగితాలు కోర్టుకు వెళ్తాయని, ఆలోగా వేరే మనిషి పేరు చూపిస్తే ఆపగలనని చెప్పాడు. “లెక్కలు తెస్తే ఆపలేను మేడమ్. పేరు తేండి.”

ప్రెస్సు స్టేషనుకు పది నిమిషాల దూరం. యజమాని వరప్రసాదరావు తెల్ల చొక్కాలో గుమ్మం దగ్గరే ఎదురొచ్చి, పోలీసులు అంతా చూసుకుని వెళ్ళారనీ, ప్లేట్లు దొరకలేదనీ, ఇశ్రాయేలు ఇంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదనీ వరసగా చెప్పాడు. ఆదివారం ప్రెస్సుకు సెలవు. తాళంచెవులు రెండు, ఒకటి తన దగ్గర, ఒకటి ఇశ్రాయేలు దగ్గర. వసుమతి అన్నీ విని, యంత్రం పక్కభాగానికి ఉన్న చిన్న ఇనుప తలుపు తెరిచింది.

లోపలివైపు రేకు నిండా పెన్సిలు అంకెలు. ఎవరూ అడగకపోయినా ఇశ్రాయేలు రోజూ పని మొదలుపెట్టేముందు ఒకసారి, ముగించాక ఒకసారి, యంత్రం తిరిగిన మీటర్లు అక్కడ రాసి పెట్టుకునేవాడు. బ్లేడు ఎప్పుడు మార్చాలో తెలియడానికి. తొమ్మిదో తారీకు, శనివారం సాయంత్రం: నలభైయెనిమిది వేల రెండు వందల పది. పదకొండో తారీకు, సోమవారం ఉదయం: యాభైయొక్క వేల నూట నలభై. రెండూ ఒకే చేతిరాత. సోమవారం పొద్దున వచ్చి, రెండువేల తొమ్మిది వందల ముప్పై మీటర్లు ఎక్కువ తిరిగి ఉండడం చూసి, ఎవరినీ ఒక్క మాట అనకుండా ఉన్న అంకె ఉన్నట్టు రాసుకున్నాడు. స్టేషనులో అబద్ధమాడిన ఆ మనిషి ఈ రేకు మీద ఆడలేకపోయాడు.

వృథా తీసేస్తే సుమారు యాభైయైదు వేల లేబుళ్ళు. వసుమతి ఆ అంకెను మనసులో రెండుసార్లు సరిచూసుకుంది. తరువాత వృథా రోళ్ళు ఎక్కడ పడేస్తారని అడిగింది.

వరప్రసాదరావు మొదటిసారి తడబడ్డాడు. “అవి చెత్తమ్మా. పోలీసులు కూడా చూళ్ళేదు.”

చూడరని ఆమెకు తెలుసు. ఫ్లెక్సో ప్రెస్సుల్లో రంగులు కుదుర్చుకునే ఆ వృథాకు వీలైనంతవరకు కొత్త కాగితం పెట్టరు. ఒక పాత రోలునే ప్రతి పని ముందూ మళ్ళీ మళ్ళీ నడుపుతారు. ఒక లేబుల్ మీద మరొకటి, దాని మీద ఇంకొకటి పడి, చివరికి నల్లబడిపోయాక మూలన పారేస్తారు. పాత సామాను కొనేవాడు వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. మూలన నాలుగు రోళ్ళున్నాయి. మూడోదాంట్లో ఆమెకు కావలసింది దొరికింది. అడుగున గోంగూర ఆకు, దాని మీద అడ్డంగా శలభారి.

రోలును నేల మీద దొర్లించి, మోకాళ్ళ మీద కూర్చుని, పది అడుగులకొక చోట అద్దం పెట్టి చూసుకుంటూ వెళ్ళింది. మొదట ముక్కోణం ముదురు ఆకుపచ్చ, గోంగూర ఆకు ఎంత ముదురో అంత. ఇంకొంత దూరం వెళ్ళేసరికి కాస్త లేత. ఇంకా వెళ్తే మరీ లేత. చివరికి చిలకపచ్చ దగ్గర ఆగిపోయింది. పసుపు ఎక్కడా లేదు. ట్రేలో ఉన్న ఆకుపచ్చను తీయకుండా దాని మీదే పసుపు పోసారు. ఆకుపచ్చ పోలేదని ఇంకా పోసారు. పోస్తూనే ఉన్నారు.

ఇశ్రాయేలు అయితే మొదటి అడుగులోనే యంత్రం ఆపి, ట్రే విప్పేవాడు. సిరాలో సిరా కలిస్తే తిరిగి విడిపోదని ఇరవైయారేళ్ళు చేతులు ముంచినవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. పాత రంగు మీద కొత్త రంగు పెడితే పాతది మాయమవుతుందని నమ్మే చోటు ఒక్కటే, కంప్యూటరు తెర. ఈ యంత్రం తిప్పింది ఫ్లెక్సో కొంత తెలిసిన మనిషే. కాని ఆ చెయ్యి తయారైంది డిజిటల్ మీద.

వసుమతి లేచి చీర కుచ్చెళ్ళు దులుపుకుంది.

“మీకు డిజిటల్ యంత్రం ఎక్కడుంది?”

“నందిగామ బ్రాంచిలోనమ్మా.”

“ఎవరు నడుపుతారు?”

వరప్రసాదరావు ఆమె వైపు చూసాడు. అతని ముఖంలోని బెరుకు మెల్లగా పోయి, దాని చోట మరొకటి వచ్చింది.

“జెరూషా అని ఒకమ్మాయి. రత్నమణి చెప్పలేదామ్మా మీకు? ఇశ్రాయేలు కూతురేగా.” పక్కకు జరిగి దారి ఇచ్చి, “వెళ్ళండమ్మా. తండ్రిని విడిపిస్తానని వచ్చారు, కూతుర్ని పట్టిచ్చి వెళ్ళండి” అన్నాడు మర్యాదగానే.

పన్నెండూ ముప్పైయైదు. నందిగామ వెళ్ళేదారి పొడుగునా, చిల్లకల్లు దాటేటప్పుడూ, వసుమతి ఒక్కసారి కూడా కారు కిటికీలోంచి బయటికి చూడలేదు. ఆమెకు కోపం వచ్చింది. నేరస్థుడి మీద వచ్చే కోపం ఆమెకు పాత చుట్టమే. ఇది అది కాదు. తనకు దొరికిన ప్రతి రుజువూ ఒకే ఇంటి గుమ్మానికి చేరేటట్టు ఎవరో ముందే దారులు మూసేసారు. తండ్రి నోరు విప్పడు, తల్లి చెప్పదు. చెప్పగలిగింది వసుమతి ఒక్కతే, చెబితే ఆ ఇల్లే కూలుతుంది. ఆ యజమాని ధైర్యమంతా దాని మీదే.

నందిగామ బ్రాంచి ఒక దుకాణం వెనక గది. కిటికీలు లేవు. డిజిటల్ యంత్రానికి చల్లదనం కావాలి గనుక ఏ.సీ., అద్దాల తలుపు, ముందు ఇనుప షట్టరు. జెరూషాకు ఇరవైనాలుగేళ్ళు. ఆమె వసుమతిని చూసి ఎవరని అడగలేదు.

“మా నాన్న ఏం చెప్పారు మేడమ్?”

“తానే వేసానన్నారు.”

ఆ పిల్ల స్టూలు మీద కూలబడింది. తరువాత అడగకుండానే చెప్పింది, ఎక్కడా ఆగకుండా, పాఠం అప్పజెప్పినట్టు. ఆగస్టు రెండున యజమాని యాభై నమూనాలు డిజిటల్ మీద వేయించాడు. పసుపు ముక్కోణంతో, చక్కగా వచ్చాయి. వాటిని తీసుకోవడానికి వచ్చినాయన, ఎక్కువ మొత్తంలో అయితే ఏది మంచిదని ఈమెనే అడిగాడు. ఆమె ఉత్సాహంగా వివరించింది. తక్కువ కావాలన్నా, మాటిమాటికీ మార్చాలన్నా డిజిటల్. ప్లేట్ల ఖర్చు ఉండదు, కాని ఎన్ని వేసినా ఒక్కోదాని ధర తగ్గదు. వేలల్లో అయితే ఫ్లెక్సో. ప్లేట్ల ఖర్చు ఒక్కసారే, ఆ తరువాత గంటలో ఎన్ని వేలైనా.

“పది వేలు దాటితే ఫ్లెక్సోకే వెళ్ళండి సర్ అని నేనే చెప్పా” అంది. “డిజిటల్ మీదే ఉంచుంటే అది పసుపే వచ్చేది.”

పదో తారీకు యజమాని ఆమెను జగ్గయ్యపేట రమ్మన్నాడు. తండ్రి ఆదివారం పని ముట్టుకోడు గనుక, చిన్నప్పటినుంచీ ఆ యంత్రం దగ్గర తిరిగిన పిల్ల గనుక. పని అయ్యాక ట్రేలన్నీ కడిగించి, ఎవరికీ చెప్పవద్దన్నాడు. బసవయ్య పోయాడన్న వార్త చదివిన రాత్రి ఆమె తండ్రికి చెప్పేసింది. ఆయన ఇంకేమీ అడగలేదు. ఇకమీదట నువ్వు నోరెత్తకు అన్నాడు, అంతే.

“ఆకుపచ్చ వస్తోందని చూసావా?”

“చూసా. పసుపు పోస్తూ పోతే మారుద్దనుకున్నా. మారలా, మిషను ఆపా. మొత్తం కడగాలి సర్, ఇంకో గంట పడుద్ది అన్నా. ఆయన పక్కనే ఉన్నారు. ఆకుపచ్చే చల్లగా ఉందమ్మా, కానియ్ అన్నారు.”

“ఎవరు?”

“నమూనాలకి వచ్చిన కంపెనీ ఆయనే. ఉదయభాస్కర్ గారు. ఐడీ కార్డు మెళ్ళోనే ఉంది.”

వసుమతి మరో కుర్చీ కోసం చూసింది. లేదు. నిలబడే అడిగింది. “రోళ్ళు ఎక్కడికి వెళ్ళాయి?”

“చందర్లపాడు రోడ్డులో వాళ్ళ ప్యాకింగ్ యూనిట్‌కి. నేను కూడా ఆటోలో వెళ్ళా. రోలు చుట్టే దిక్కు తేడా వస్తే వాళ్ళ మిషను అంటించదు, చూసి రమ్మన్నారు. సీసాలు నింపి, సీలు వేసి, లేబుల్ లేకుండా వరసలుగా పెట్టుంచారు. మూతల మీద కంపెనీ ముద్ర ఉంది. వాళ్ళకి రావాల్సిన లేబుళ్ళు లేటయ్యాయట, సీజను పోద్దని కంగారు పడుతున్నారు.”

వసుమతికి అప్పుడు తెలిసింది, పొద్దుటినుంచీ తనను మూసిపెట్టిన గది గోడలు ఎవరు కట్టారో. నకిలీ మందు అన్న మాటే నకిలీ. నకిలీ మందు నీళ్ళు కలిసి పలచగా ఉంటుంది, పురుగే సరిగ్గా చావదు. బసవయ్య ఏడెనిమిది గంటల్లో పోయాడు. ఆయన చేలో కొట్టింది కంపెనీ సొంత మందు, పూర్తి బలంతో ఉన్నది. తొందరలో తాము వేయించుకున్న లేబుల్ తప్పని తెలిసాక, ఆ సీసాలు మావి కావంటే సరిపోతుందనుకున్నారు. మావి కానప్పుడు వాటికొక దొంగ కావాలి. ప్రెస్సు పేరు ఒక్క రోజులో కనిపెట్టడానికి అనుభవం ఎందుకు? తానే వెళ్ళి నిలబడి వేయించుకున్న చోటు అది.

ఫోను మోగింది. ఉదయభాస్కరే. వరప్రసాదరావు కబురు అందినట్టుంది. వసుమతి స్పీకరు నొక్కింది.

“ఆ పిల్లని వదిలెయ్యండి మేడమ్. తండ్రికి వారంలో బెయిలు నేను చూసుకుంటా. మీరు నోరిప్పితే ఇద్దరూ లోపలికే పోతారు. నాలుగింటికల్లా ఆ యూనిట్లో ఒక్క సీసా కూడా ఉండదు. తర్వాత మీ అద్దం ఏం చూస్తది?”

వసుమతి ఫోను పెట్టేసింది. జెరూషా ఆమె ముఖంలోకి చూస్తోంది. ఓదార్పు కోసం కాదు, లెక్క కోసం. వసుమతి లెక్కే చెప్పింది.

“నువ్వు చెబితే మీ నాన్న బయటికి వస్తారు. నువ్వు లోపలికి వెళ్ళవచ్చు. తెలియక చేసావని కోర్టు నమ్మడానికి నెలలు పట్టవచ్చు. నువ్వు చెప్పకపోతే మీ నాన్న లోపలే ఉంటారు, సీసాలు పొలాలకు పోతాయి. మూడో దారి ఉందేమోనని ఇంతసేపూ వెతికాను. దొరకలేదు.”

జెరూషా లేచి కంప్యూటరు ముందు కూర్చుంది.

“దీనికి ప్లేట్లు అక్కర్లేదు మేడమ్” అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. వేళ్ళు గబగబా కదిలాయి. నిమిషం తిరక్కుండానే యంత్రం నోట్లోంచి మొదటి లేబుల్ బయటికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ముందు గదిలో ఇనుప షట్టరు ధడాలున కిందికి దిగింది. బయట తాళం పడిన చప్పుడు. తరువాత ఏ.సీ. ఆగిపోయింది, దీపాలు ఆరిపోయాయి. యంత్రం మాత్రం ఆగలేదు.

“మెయిన్ తీసేసారు” అంది జెరూషా వెనక్కి తిరక్కుండా. “యూపీఎస్ మీద పన్నెండు నిమిషాలు ఆడుద్ది. ఐదొందలు అవుతాయి. ఎరువుల షాపులకి ఒక్కోటి పోయినా చాలు.”

షట్టరుకు అవతల కారు బయలుదేరింది. రెండూ ముప్పైయొకటి. గడువు దాటేదాకా ఇద్దరినీ ఇక్కడే ఉంచితే చాలని యజమాని అనుకున్నాడు. అతని అంచనా తప్పు కాదు. ఈ చీకటి గదిలో ఎంత అరిచినా రోడ్డు మీదికి వినబడదు. వసుమతి కల్యాణ్‌కు ఫోను చేసింది. యాభైయైదు వేలు, ప్యాకింగ్ యూనిట్, కంపెనీ ముద్ర ఉన్న మూతలు, దగ్గరుండి వేయించిన ఉదయభాస్కర్, బయట పడిన తాళం, మందును పరీక్షకు పంపవలసిన అవసరం, అన్నీ మూడు నిమిషాల్లో చెప్పింది. అతను అడ్డుపడకుండా విన్నాడు.

“ఇవన్నీ మీరు చెప్తున్నయ్యే కదా మేడమ్. చూసినవాళ్ళు ఎవరు? పేరు ఇవ్వండి. పేరుంటే నందిగామ స్టేషన్ వాళ్ళని ఇప్పుడే ఆ యూనిట్‌కి పంపిస్తా, మీ దగ్గరికీ పంపిస్తా. లేకపోతే నా చేతుల్లో లేదు.”

ముప్పైమూడేళ్ళలో వసుమతి ఎన్నో నివేదికల్లో ఎందరి పేర్లో రాసింది. ఒక్క పేరు దగ్గర కూడా ఆమె కలం ఆగలేదు. ఇప్పుడు ఆగింది. ఈ గదికి బయటినుంచి తలుపు తీయించగలిగినది ఆ పేరు ఒక్కటే. ఆ తలుపు తెరుచుకునేది ఆ పిల్లను తీసుకుపోవడానికే.

జెరూషా బయటికి వస్తున్న లేబుళ్ళలోంచి ఒకటి చించి ఆమె చేతిలో పెట్టింది. యంత్రం తెర వెలుగులో దాని అక్షరాలు స్పష్టంగా కనిపించాయి.

“చదవండి మేడమ్” అంది.

వసుమతి ఫోనులోకి చదివింది.

“శలభారి సీసా మీద ఆకుపచ్చ ముక్కోణం ఉంటే నమ్మవద్దు. అది పసుపు ఉండాలి. లోపలున్నది అసలు మందే, మనిషిని చంపుతుంది. మూత తియ్యవద్దు. ఆగస్టు పదిన, ఆదివారం, ఈ తప్పుడు లేబుళ్ళు యాభైయైదు వేలు వేసింది నేను. జెరూషా, నందిగామ.”

అవతల కల్యాణ్ రాసుకుంటున్నాడు. పేరు రెండోసారి చెప్పించుకున్నాడు. తరువాత అడిగాడు.

“ఈ జెరూషా ఇశ్రాయేలుకి ఏమవుద్ది మేడమ్?”

యంత్రం ఇంకా ఆడుతూనే ఉంది.

“కూతురు” అంది వసుమతి.